కన్ను లేని గూడబాతు

పోయిన నెల ఏలూరులో మా ఇంటి మోటారు కాలిపోయింది. ఆ వారంలోనే మావారికి మోకాలి ఆపరేషన్ అయింది. పనిచేసే సత్యవతి వాళ్ళమ్మాయి పురుడని పెంటపాడు వెళ్ళింది. "వారంలో వచ్చేస్తానండీ" అన్న మనిషి మూడు వారాలైనా జాడ లేదు. నేను రెండేళ్ళుగా రాస్తున్న పుస్తకంలో ఆఖరి అధ్యాయం బల్ల మీద పెట్టుకుని, ఒక వాక్యం రాయడం, ఒకసారి లేవడం, లేచినప్పుడల్లా ఎవరినో ఒకరిని విసుక్కోవడం, ఇలా కాలం గడుపుతున్నాను. నాకు కోపం తొందరగా వస్తుంది. మా ఇంట్లో ఆ వరం తాతయ్యది, మధ్యలో మా నాన్నగారిని దాటేసి నేరుగా నాకొచ్చింది. ఈ ఇల్లు ఒక్క పదిరోజులు నన్ను నా మానాన వదిలేస్తే పుస్తకం ఏనాడో అయిపోయేదని ఆ పొద్దున మావారితో గట్టిగానే అన్నాను. ఆయన మంచం మీంచే, "ఇల్లు వదిలేస్తే నువ్వు రాయడానికేముంటుందోయ్?" అన్నారు. అంతలోనే కాలింగ్ బెల్ మోగింది.

వచ్చినావిడ శారదగారు, తాడేపల్లిగూడెం నుంచి. డెబ్భై దాటిన మనిషి. నా చిన్నతనంలో ఆవిడ పెళ్ళికూతురు. వాళ్ళమ్మగారు గూడెంలో ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్. సంచిలోంచి పాత పంచె ముక్కలో చుట్టిన గుడ్డ తీసి నా ఒళ్ళో పెట్టారు. విప్పకముందే పసుపు వాసన వచ్చింది, దాని వెనకాల కర్పూరం వాసన. "మా మనవరాలి పెళ్ళండీ. నా పెళ్ళికీ, మా అమ్మాయి పెళ్ళికీ ఈ తెరే పట్టారు. అంచు కాస్త చిరిగింది. మీ అమ్మగారి చేతిపని కదా, టైలరుకిస్తే మనసొప్పలేదు. మీ చేతికే ఇద్దామని వచ్చాను," అన్నారు. కాఫీ తాగి లేస్తూ, "అన్నట్టు, ఆ నాలుగో బాతుకి కన్ను లేదండీ. మొదటినుంచీ అంతే. వీలైతే అదీ కుట్టేయండి," అని వెళ్ళిపోయారు.

మా వైపు పెళ్ళిళ్ళలో ముహూర్తం దాకా వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర అది. సాధారణంగా తెల్లపంచె మీద కుంకుమతో ఓ స్వస్తిక్ వేసి పట్టేస్తారు. ఇది అలాంటిది కాదు. పసుపు నీళ్ళలో తడిపి ఆరేసిన మల్లుగుడ్డ మీద నడుమ కలశం, చుట్టూ మామిడాకుల అంచు, నాలుగు మూలలా నాలుగు గూడబాతులు. పెళ్ళితెర మీద చిలకలో హంసలో ఉండాలి గానీ, గొంతు కింద సంచీ వేలాడేసుకుని చేపలు మింగే కొల్లేటి పక్షి ఏమిటని ఎవరైనా అడుగుతారు. అడిగారు కూడా. మొట్టమొదట అడిగింది మా తాతయ్యే.

అప్పట్లో మేం భీమడోలులో ఉండేవాళ్ళం, స్టేషనుకి దగ్గరలో పెంకుటింట్లో. తాతయ్య పురోహితులు. నాన్నగారు రోజూ పాసింజరెక్కి ఏలూరులో ఆఫీసుకి వెళ్ళేవారు. మా ఇంట్లో గడియారం ఉండేది గానీ, దాన్నెవరూ పట్టించుకునేవారు కారు. తాతయ్య వసారాలో పడక్కుర్చీలో కూర్చుని, "అమ్మాయ్, సిగ్నల్ పడింది!" అని కేకేసేవారు. ఆ కేకతో అమ్మ క్యారియర్ మూత బిగించేది, నాన్నగారు చెప్పుల్లో కాళ్ళు దూర్చేవారు. ఆ కేకకు ముందు ఇంట్లో జరిగేదంతా నాన్నగారి కోసం, తరవాత జరిగేది తాతయ్య మడికోసం, ఆపైన జరిగేది ఆవు కోసం. మా అమ్మ కోసం జరిగేది ఏమిటో నాకు తెలిసి ఏమీ ఉండేది కాదు. ఆవిడకున్నదల్లా ఒక రేకుపెట్టె. అందులో ఆవిడ మొదలుపెట్టి వదిలేసిన కుట్లుండేవి. మెడ లేని హంస, ఒక్క రేకుతో ఆగిపోయిన తామర, సగం తోరణం. ఏ పండగో, ఎవరి జ్వరమో, ఎవరి పురుడో వచ్చి పడేది, రింగులోంచి గుడ్డ ఊడదీసి పెట్టెలో పడేసేది. నేను పుట్టినప్పుడు ఆగిపోయినది నెమలి. "నీ మూలంగా దీనికి తోక లేకుండా పోయిందే," అని నవ్వుతూనే చూపించేది.

అలాంటి మనిషిని హెడ్మిస్ట్రెస్ గారు అడిగారు. మా పక్కింట్లో పేరంటానికి వచ్చి, అక్కడ అమ్మ కుట్టిన దిండు గలీబు చూసి, ఎవరు కుట్టారని అడిగి మరీ మా ఇంటికొచ్చారు. "శాస్త్రిగారి కోడలు" అని కాకుండా అమ్మ పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి ఆవిడే అనుకుంటాను. "మా శారద పెళ్ళికి తెర కుట్టిపెట్టమ్మా. మా బడిలో కుట్టు నేర్పే మనిషి కావాలి. ఇది చూపించి కమిటీ వాళ్ళతో నేను మాట్లాడతాను. పెళ్ళికి రెండు రోజుల ముందు, శుక్రవారానికి నా చేతిలో ఉండాలి సుమా," అన్నారు. అమ్మ తలూపింది. ఆవిడ వెళ్ళాక గుమ్మం దగ్గరే చాలాసేపు నిలబడిపోయింది. పొంగిన పాలు నేనే దించాను.

బొమ్మ గీసినప్పుడే తాతయ్యకు కోపం వచ్చింది. "నీచు తినే పక్షిని పెళ్ళితెర మీద పెడతావా, అమ్మాయ్?" అన్నారు. అమ్మ పుట్టింది కొల్లేటి లంకలో. ఆవిడకు పక్షి అంటే గూడబాతే. "అవి జంటగా వస్తాయండీ, మావయ్యగారూ. ఎంతెంత దూరాల్నుంచో వచ్చి గూడు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని వెళ్తాయి. పెళ్ళికి అంతకంటే ఏం కావాలండీ?" అంది. ఆయనకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. తాతయ్య కాసేపు మీసం లేని పెదవి మీద వేలితో రాసుకుని, "సరే, కన్ను మాత్రం ఆఖరున కుట్టు. విగ్రహానికైనా కన్ను చివరే తెరుస్తారు," అని పంచాంగంలో తల దూర్చేశారు.

ఇక ఆ నెల్లాళ్ళూ మా ఇల్లు ఎలా ఉందో చెప్పలేను గానీ, చెప్తాను. ఎండాకాలం కావడంతో కాలువ కట్టేశారు. మా నూతిలో నీళ్ళు ఉప్పగా మారిపోయాయి. స్టేషను కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడాలి. ఆవకాయల రోజులు కూడా అవే. వసారా అంతా ఆవపిండి ఘాటు, మామిడికాయ టెంకల పులుపు. అమ్మ చెయ్యి ఎప్పుడూ కారంతో మండుతూనే ఉండేది, ఆ మంట తగ్గేదాకా సూది పట్టకూడదని కొబ్బరినూనె రాసుకుని చేతులు గాల్లో ఊపుకుంటూ తిరిగేది. ఒక సాయంత్రం గాలివాన వచ్చి వంటింటి పెంకులు లేచిపోయాయి. ఆ గందరగోళంలోనే ఆవు ఈనింది. ఇంత జరుగుతుంటే అమ్మ వసారా చూరు కింద, వెలుతురున్నంతసేపూ, పది కుట్లు కుట్టి లేచేది, వచ్చి మళ్ళీ పది కుట్టేది. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా ఒక మామిడాకు, నాన్నగారి స్నానమయ్యేలోగా ఒక ఈక. పని ముక్కలైనందుకు ఆవిడ విసుక్కోగా నేను వినలేదు. సూదిలో దారం ఎక్కించే పని నాది. ఏ రంగు పక్కన ఏ రంగు కావాలో ఆవిడ చూపు బట్టే తెలిసిపోయేది. ఒకదాని తరవాత ఒకటిగా మూడు గూడబాతులు కళ్ళు తెరిచాయి.

నాలుగోదాని ముక్కు మొదలైంది సోమవారంనాడు. ఆ పొద్దున్నే పోస్టుమాన్ కార్డు తెచ్చాడు. గుమ్మంలో నేనే అందుకున్నాను. పురోహితుడి మనవరాలిని, ఎనిమిదో ఏటినుంచీ వచ్చిన కార్డల్లా చదివే అలవాటున్నదాన్ని. పైన శ్రీకారం లేదు. దాని బదులు "అశుభం" అని ఉంది. కింద మొదటి వరుసలో కామవరపుకోట పెదతాతయ్యగారు శనివారం కాలం చేశారని ఉంది. అంతవరకు చదివి కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

పెదతాతయ్య అంటే మా తాతయ్యకు పెదనాన్నగారి కొడుకు, వయసులో పెద్ద. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని వేదం వల్లించినవాళ్ళు. ఏటా మామిడిపళ్ళ బుట్టతో ఆయన బస్సు దిగేవారు. దిగిన గంటలో ఏదో తిథి మీద తగువు పడేవారు, మర్నాటికి ఒకరి తమలపాకులకు ఒకరు సున్నం రాసుకునేవారు. అలాంటి దాయాది పోతే ఇంటిల్లిపాదికీ పదిరోజులు మైల. మైల ఇంట్లోంచి పెళ్ళికి సంబంధించిన వస్తువు గడప దాటకూడదు, అసలు దాన్ని ముట్టుకోనేకూడదు. కానీ కబురు తెలిసే వరకు మైల అంటదు. పదిరోజుల్లోపు ఎప్పుడు తెలిస్తే అక్కణ్ణుంచి మిగిలిన రోజులే పట్టాలి. ఇదంతా నాకు ఎక్కాలతో పాటే వచ్చు. అంటే ఈ ఇంట్లో ప్రస్తుతం మైల పట్టిన మనిషిని నేనొక్కదాన్నే అన్నమాట.

కార్డు తీసుకెళ్ళి, తాతయ్యను ముట్టుకోకుండా ఆయన పక్కన అరుగు మీద పెట్టాను. ఆయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, చెయ్యి బారుగా చాచి ఒక్క క్షణం చూశారు. తరవాత నుదురు తడుముకుని, చొక్కా లేని ఒంటి మీద జేబు వెతికినట్టు తడుముకుని, "కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనపడటం లేదు. దొరికాక చదువుదాం. ఆ చూరులో దోపు," అన్నారు. ఆయన పంచె రొంటిలోంచి కళ్ళజోడు కాడ ఒకటి బయటికి కనపడుతూనే ఉంది. చెబుదామని నోరు తెరిచాను. ఆయన నావంక చూసిన చూపుకి మూసుకున్నాను. పాపం పెద్దాయన, మతిమరుపు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం నుంచీ నా మైల నేను పట్టడం మొదలుపెట్టాను. పదకొండేళ్ళ పిల్ల నిష్ఠగా ఉండాలనుకుంటే దానికి అడ్డేముంటుంది? వేరే కంచం తీసుకుని పెరట్లో కూర్చుని తిన్నాను. ఆవకాయ జాడీల వైపు వెళ్ళలేదు. ఊరంతా నీళ్ళకు కటకటలాడుతుంటే, నేను ఉప్పునీళ్ళతోనే మూడుసార్లు స్నానం చేశాను. అమ్మ, "బుల్లీ, సూదిలో ఆకుపచ్చ ఎక్కించు," అంటే దూరంగా నిలబడి తల అడ్డంగా ఊపాను. "ఏమే, అలిగావా? ఇప్పుడా అలగడం? నాలుగు రోజులుంది, తల్లీ," అంది. నాకు ఏడుపొచ్చింది. ముట్టుకుంటే ఆ తెరకు మైల, చెబితే అమ్మకు మైల. చెప్పకపోతే నేను అమ్మకు పనికిరానిదాన్ని. అమ్మ తనే నాలిక మీద దారం తడుపుకుని, మండే వేళ్ళతో సూది వెతుక్కుంటుంటే, గోడవారగా కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు తాతయ్య నన్ను కుర్చీ దగ్గరకు పిలిచారు. "నిన్నటి కార్డు నువ్వు చదివావా?" అని అడిగారు. అవునంటే ఆయనకు తెలిసిపోతుంది. జన్మలో మొదటిసారి ఆయన మొహం చూస్తూ అబద్ధమాడాను. "లేదు, తాతయ్యా."

"నిజంగా?"

"నిజంగా."

ఆయన తలూపారు. "చదవనివాళ్ళకి ఏమీ అంటదు. శాస్త్రం అలాగే ఉంది. వెళ్ళి మీ అమ్మకి దారం ఎక్కించు," అన్నారు. శాస్త్రం చెప్పేది మా తాతయ్య కాబట్టి, ఆయన లేదంటే లేనట్టే. పరుగెత్తుకెళ్ళి సూది లాక్కున్నాను. అమ్మ ఒక్కసారి చూరు వంక, ఒకసారి నా వంక చూసి, ఏమీ అడగకుండా జరిగి చోటిచ్చింది.

ఆ నాలుగు రోజులూ తాతయ్య ఒంట్లో బాగోలేదన్నారు. ఒక గృహప్రవేశానికీ, ఒక సత్యనారాయణ వ్రతానికీ వేరే పురోహితుణ్ణి పంపారు. దేవుడి గదిలోకి వెళ్ళలేదు. దీపం అమ్మనే పెట్టమన్నారు. మంచం వదిలి చాప మీద పడుకున్నారు. ఒంటిపూట తిన్నారు. ఇన్ని పనుల మధ్య ఇదొకటి అనుకుని అమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చేది, ఆయన మారు మాట్లాడకుండా తాగేసేవారు. గరిటె కనపడకపోతే గాదె కిందికి కూడా దూరి వెతికే మా అమ్మ కళ్ళజోడు మాట ఎత్తలేదు. ఆఖరికి నాన్నగారు, "కళ్ళజోడు లేకుండా నాన్నకెలా గడుస్తుందే?" అంటే, "దొరుకుతుంది లెండి, తొందరేం వచ్చింది?" అంది. పని హడావుడి కాబోలనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే అమ్మ తెరను మడతపెట్టి, కొత్త తువ్వాల్లో చుట్టి, గూడెం పాసింజరెక్కింది. ఒక్కత్తే రైలెక్కడం నేనెరిగి అదే మొదలు. రైలు కూత దూరమయ్యేదాకా తాతయ్య వసారాలో నిలబడే ఉన్నారు. తరవాత, "బుల్లీ, కళ్ళజోడు దొరికింది. ఆ కార్డు తియ్యి," అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని ఆ నాలుగు వరుసలూ చాలాసేపు చదివారు. చదివి, నాలుగు ముక్కలుగా చింపారు. వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఇక మిగిలింది మూడు రోజులే," అన్నారు. పెరట్లోకి వెళ్ళి, ఇంట్లో ఉన్న మూడు బిందెల నీళ్ళూ కట్టుబట్టలతో తల మీద గుమ్మరించుకున్నారు. నీళ్ళు కారుతుండగానే, "అన్నయ్యా," అన్నారు. అంత గట్టి మనిషి నూతి చప్టా మీద కూలబడి ఏడవడం నేను తలుపు చాటునుంచి చూశాను. నాలుగు రోజులుగా ఆయన మోసినదేమిటో, ఎవరి కోసం మోశారో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన కళ్ళజోడు పోయిందని చెప్పింది నాకు కాదు, ఆయన శాస్త్రానికి.

ఆ తరవాత అమ్మ బడిలో చేరింది, పదిహేనేళ్ళకు పైగా కుట్టు నేర్పింది. పొద్దున రెండు క్యారియర్లు సర్దేది, ఒకటి ఏలూరు వైపు, ఒకటి గూడెం వైపు. "అమ్మాయ్, నీ సిగ్నల్ పడింది!" అని తాతయ్య పోయేదాకా కేకేస్తూనే ఉన్నారు. రేకుపెట్టెలో హంసకు మెడ వచ్చింది, నా నెమలికి తోక వచ్చింది. ఆ తెరను మాత్రం పెళ్ళి కాగానే తలంబ్రాల బియ్యం నాలుగు గింజలు వేసి చుట్టి, శారదగారింట్లో పెట్టెలో పెట్టేశారు. మళ్ళీ తీసేది ఇంకో పెళ్ళికే. శారదగారమ్మాయి పెళ్ళినాటికి అమ్మ లేదు.

ఈ రోజుల్లో అయితే తాతయ్య ఆటలు సాగేవి కావు. కబురు ఫోన్లో వస్తుంది, వేలు తగిలితే చాలు, చూసేశారని అవతలి వాళ్ళకు నీలం గుర్తులు పడిపోతాయి. తెలియనట్టు ఉండే సదుపాయం మనకు లేకుండా పోయింది. మా వీధిలో మైల పట్టేవాళ్ళు కూడా తగ్గిపోయారు, అందుకు నాకు పెద్దగా బెంగ లేదు. ఒకరి పని ఒకరు అలా కాచుకోవడం తగ్గిందా అన్నది మాత్రం ఆలోచించాను. అంచు కుడుతూ వారం రోజులు ఆలోచించాను. మావారు మంచం మీంచే మోటారు మెకానిక్కి ఫోన్ల మీద ఫోన్లు చేసి, తిట్టి, బతిమాలి రప్పించారు. నన్ను లేపకుండా కుంటుకుంటూ వెళ్ళి తలుపు తీశారు. చూసి కూడా చూడనట్టు కూర్చున్నాను. అంచు పూర్తయింది. కన్ను దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. అమ్మ వదిలేసినదాన్ని నేనెలా కుట్టను? హడావుడిలో మరిచిపోయిందనుకుందామంటే, దారం ఎక్కించినదాన్ని నేనే. శుక్రవారం పొద్దున నల్లదారం ఎక్కించి ఇస్తే, "దీనికొద్దులే," అని సూది తిరిగిచ్చింది.

శారదగారు తెర తీసుకెళ్ళడానికి వచ్చి, అంచు తడిమి సంతోషపడ్డారు. "కన్ను ఉండిపోయిందండీ," అన్నాను మొహమాటంగా. ఆవిడ నవ్వేశారు. "మా ఇంట్లో దీని మీద ఒక వేళాకోళం ఉందండీ. ఆ రోజు మా అమ్మ చూసి, 'ఒక్క కుట్టేగా, ఇక్కడే కుట్టెయ్యమ్మా' అందట. మీ అమ్మగారేమో, 'ఇప్పుడు కాదండీ, మా మావయ్యగారి కళ్ళజోడు దొరికాక కుడతాను' అన్నారట. బాతు కంటికీ మావయ్యగారి కళ్ళజోడుకీ ఏమిటి సంబంధమని మేం ఇప్పటికీ నవ్వుకుంటాం."

నేను నవ్వలేకపోయాను. చూరు కిందే కూర్చుని కుట్టింది ఆవిడ, తలెత్తితే ఆ కార్డు. అన్నీ తెలుసు ఆవిడకు. ఆయన చాప, ఒంటిపూట, నా వేరే కంచం, అన్నీ తెలిసే కషాయం కాచింది. ముక్కు కుట్టింది, సంచీ కుట్టింది, ఈకలన్నీ కుట్టింది. పెదతాతయ్య మైల కింద ఆ ఒక్క కుట్టు మాత్రం ఆపి పెట్టింది. ఎవరికీ తెలియకూడదని ముగ్గురం ఒకరి దగ్గర ఒకరం దాచాం. అలా దాచబట్టే ఆ తెర పూర్తయింది.

"ఒక్క నిమిషం కూర్చోండి," అని సూదిపెట్టె తెచ్చాను. నా కళ్ళకు సూది బెజ్జం అందలేదు. మావారు మంచం మీంచి చెయ్యి చాచి, "ఇలా తే," అని కళ్ళజోడు సర్దుకుని, మూడోసారికి నల్లదారం ఎక్కించి ఇచ్చారు. ముడికుట్టుకి సూది చుట్టూ దారం మూడుసార్లు తిప్పి గుచ్చాలి. తిప్పాను, గుచ్చాను, లాగాను. నాలుగో గూడబాతు నావంక చూసింది.

"కళ్ళజోడు దొరికిందే, అమ్మా," అన్నాను, పైకే.